రెండు రిజిస్టర్లు

ఒంగోలు చుట్టుపక్కల బాప్టిస్టు సంఘాల్లోనూ, గుంటూరు లూథరన్ పేటల్లోనూ కులం కాగితం గురించీ, కట్నం గురించీ మాటలు ఎప్పటినుంచో నడుస్తున్నాయి. నడిచేది మాత్రం ఇళ్ళల్లో, గొంతు తగ్గించి. అవి వాకిట్లోకి రావాలని నా కోరిక. అందుకే సంవాదంగా రాస్తున్నాను. ఇందులో మాట్లాడే ఇద్దరూ నేను కల్పించినవాళ్ళు, వాళ్ళ వాదాలు మాత్రం మన సంఘాల్లో ఉన్నవే. మామయ్య ప్రభుత్వ బడిలో హెడ్మాస్టరుగా పనిచేసి రిటైరయ్యారు, చాలా ఏళ్ళుగా సంఘ పెద్ద. మేనకోడలు పాస్టరు కూతురు, తహసీల్దారు ఆఫీసులో జూనియర్ అసిస్టెంటు. ఆమె కూతురు ఇంటర్ పూర్తిచేసింది. ఇంజనీరింగు కౌన్సెలింగుకి కులధ్రువీకరణ పత్రం కావాలి. తగువు అక్కడ మొదలైంది.

మామయ్య: బీసీ-సి కింద దరఖాస్తు పెట్టావంట. నాకొక్క మాట చెప్పొద్దా అమ్మాయ్?

మేనకోడలు: చెబితే వద్దంటారని చెప్పలేదు మామయ్యా.

మామయ్య: వద్దనే అంటాను. పిల్లకి ర్యాంకు అంతంతమాత్రం. ఎస్సీ కింద పెడితే మంచి కాలేజీలో సీటొస్తుంది. ఎస్సీలకి వందకి పదిహేను. ఎస్సీల్లోంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్ళకీ, వాళ్ళ పిల్లలకీ ఇచ్చిన బీసీ-సి వందకి ఒక్కటి. ఈ లెక్క నీకు నేను చెప్పాలా?

మేనకోడలు: లెక్క తెలిసే పెట్టాను. నా దగ్గరికొచ్చే ఫైలు ఎలా ఉంటుందో చెప్తాను, వినండి. కుర్రాడి పేరు, తండ్రి పేరు, తాత పేరు మూడూ బైబిల్లోవే. మతం అన్నచోట ‘హిందూ’. విచారణకని వీఆర్వో పేటలోకి వెళ్తాడు. గుమ్మం పైన సిలువ ఉంటుంది, గోడకి వాక్యం క్యాలెండరు ఉంటుంది. వాళ్ళేసిన కుర్చీలో కూర్చుని, వాళ్ళిచ్చిన టీ తాగుతూ, ‘హిందూ ఆచారాలు పాటించుచున్నారు’ అని రాసుకొస్తాడు. ఆర్‌ఐ సంతకం, తహసీల్దారు సంతకం. ఆదివారం అదే కుర్రాడు గిటారు పట్టుకుని సంఘం ముందు నిలబడి, లోకానికి భయపడనని సాక్ష్యం చెప్తాడు. సోమవారం ఆ ఫైలు కట్టి పైకి పంపేది నేను. సంఘం రిజిస్టరులో బాప్తిస్మం తేదీ ఉంటుంది, ఆఫీసు రిజిస్టరులో హిందువని ఉంటుంది. రెండూ ఒకే మనిషి సంతకాలు.

మామయ్య: ఆ కుర్రాడు అబద్ధమాడాలని పుట్టాడా? 1950 ఆగస్టు 10న వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు చదివావు కదా. మూడో పేరాలో ఏముంది? హిందువు కానివాడు షెడ్యూల్డు కులంవాడు కాడని. 1956లో సిక్కుల్ని చేర్చారు, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. మనల్నీ, ముస్లింలనీ బయటే ఉంచారు. బాప్తిస్మం తీసుకున్నంత మాత్రాన మాదిగపల్లె ఊరి మధ్యకి జరిగిందా? శ్మశానానికి దారి ఇచ్చారా? ఊరు మారలేదు, ఊరి నోరు మారలేదు. కాగితం మీద మాత్రం మనం మారిపోయామట. మొదటి అబద్ధం చట్టానిది.

మేనకోడలు: ఉత్తర్వు అన్యాయమని నేనూ అంటాను. రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో ఆ పేరా తీసెయ్యమంది. ఇదే విషయం పరిశీలించమని 2022లో బాలకృష్ణన్ కమిషన్ వేశారు. 2023 మార్చిలో మన అసెంబ్లీ మనకీ ఎస్సీ హోదా ఇవ్వమని తీర్మానం చేసి ఢిల్లీకి పంపింది. అయినా ఉత్తర్వు కదల్లేదు. కదిలించాల్సినవాళ్ళు లెక్కలో లేరు మామయ్యా. 1971 జనాభా లెక్కల్లో ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులు నాలుగు శాతం పైన. 2001కి 1.55 శాతం. 2011కి 1.34. మందిరాలు తగ్గాయా? పేటపేటకీ కొత్తవి లేస్తున్నాయి. మాకు అన్యాయం జరిగిందని అరవాల్సినవాడే ‘నేను హిందువుని’ అని సంతకం పెట్టి ఇంటికెళ్ళిపోతే, ఇంక అడిగేదెవరు? ఎవరికోసం?

మామయ్య: పోరాటం కడుపు నిండినవాళ్ళ మాట. నా సంగతి చెప్తా విను. నేను పంతులుద్యోగంలో చేరింది ఎస్సీ కోటాలో. నా సర్వీసు రిజిస్టరు మొదటి పేజీలో హిందూ, మాదిగ అనే ఉంది. మా నాయన చెప్పులు కుట్టేవాడు. ఆ జీతంతో ఇద్దరు చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు చేశాను, తమ్ముణ్ణి చదివించాను. మీ నాన్న పాస్టరు. సంఘంవాళ్ళు తెచ్చిచ్చే బియ్యంతో మీ ఇల్లు గడిచేది. నీ డిగ్రీ ఫీజు ఎవరు కట్టారు?

మేనకోడలు: మీరే కట్టారు.

మామయ్య: నువ్వు అబద్ధమంటున్నావే, ఆ జీతంలోంచే కట్టాను.

మేనకోడలు: తిన్న కూడు మర్చిపోలేదు మామయ్యా. మీ చెయ్యి లేకపోతే నాకు చదువే లేదు. కానీ నాన్న తీసుకున్న బీసీ-సి కాగితానికి ఖరీదు కట్టింది నేను. నాతో చదివినవాళ్ళు ఎస్సీ కింద ఉద్యోగాల్లో చేరిపోతుంటే నేను ఏళ్ళ తరబడి పరీక్షలు రాస్తూ కూర్చున్నాను. కోపమొచ్చి ఒకసారి నాన్నని అడిగాను, ఎందుకిలా చేశావని. ‘ఆదివారం వేదికెక్కి ఒక మాట చెప్పి, సోమవారం ఆఫీసులో ఇంకో మాట చెప్పలేనమ్మా’ అన్నాడు. అంతకుమించి ఏమీ అనలేదు. ఏ ఎండకా గొడుగు పట్టడం ఆయనకి చేతకాలేదు.

మామయ్య: మీ నాన్న గొప్పవాడు, కాదన్లేదు. అందరూ మీ నాన్న కాలేరు. దేవుడు కూడా అందర్నీ అలా పట్టి నిలదీయలేదు. నయమాను సంగతి గుర్తుందా? సిరియా సేనాపతి. కుష్ఠు పోయాక, ఇక యెహోవాకి తప్ప ఇంకెవరికీ బలి అర్పించనన్నాడు. అంటూనే ఒక చిక్కు చెప్పుకున్నాడు: మా రాజు రిమ్మోను గుడికి పోతాడు, నా చెయ్యి ఊతగా పట్టుకుంటాడు, ఆయనతోపాటు నేనూ వంగాలి, ఈ ఒక్కటీ క్షమించాలి అని. ఎలీషా ఏమన్నాడు? ఛీ పొమ్మన్నాడా? నెమ్మది కలిగి వెళ్ళమన్నాడు. ఉద్యోగం చేసుకునేవాడి ఇరుకు ప్రవక్తకి అర్థమైంది. నీకు అర్థం కావట్లేదు.

మేనకోడలు: నయమాను దాచుకోలేదు మామయ్యా. ప్రవక్త ఎదుట నిలబడి, అడక్కముందే, ఇది తప్పే కానీ తప్పించుకోలేనని చెప్పాడు. మన సంఘంలో అలా చెప్పినవాడు ఎవరున్నారు? అందరికీ అందరి సంగతీ తెలుసు, ఎవరూ ఎవర్నీ అడగరు. పాస్టర్లే హిందూ కాగితాల మీద రిజర్వుడు సీట్లలో పోటీ చేస్తుంటే ఇంకెవరు అడుగుతారు? పైగా నయమాను తిరిగి వెళ్ళింది విగ్రహాలున్న దేశానికి. అక్కడ అతనొక్కడే. మనం నూటయాభై కుటుంబాలం, సొంత ఊళ్ళో ఉన్నాం.

మామయ్య: సొంత ఊరా? ఊరు మనల్ని ఎప్పుడు సొంతం చేసుకుంది?

మేనకోడలు: సరే, విశ్వాసం సంగతి పక్కన పెట్టండి. ఆ కాగితం భద్రమేనా? 2024 నవంబరు 26న సుప్రీంకోర్టు పుదుచ్చేరి నుంచి వచ్చిన కేసులో ఏమంది? బాప్తిస్మం పొంది, మందిరానికి వెళ్తూ, ఉద్యోగం కోసమే హిందువునంటే అది రాజ్యాంగాన్ని మోసం చేయడమే అంది. 2025లో మన హైకోర్టు పాస్టరుగా పనిచేస్తున్న ఒకాయన పెట్టిన అట్రాసిటీ కేసు కొట్టేసింది. చేతిలో ఎస్సీ కాగితం ఉన్నా, క్రైస్తవుడివి కాబట్టి ఆ చట్టం నీకు రాదంది.

మామయ్య: ఆ తీర్పు చదివిన రాత్రి నాకు నిద్రపట్టలేదు. ఒక్క మాట చెప్పు. ఆ పాస్టరు మీదికొచ్చినవాళ్ళు ఆయన మతాన్ని చూసి వచ్చారా, కులాన్ని చూసి వచ్చారా? కొట్టేవాడికి మనం ఎప్పటికీ మాదిగలమే, మాలలమే. కొట్టించుకున్నాక కోర్టుకెళ్తే మాత్రం క్రైస్తవులం. ఒక కంటికి వెన్న, ఒక కంటికి సున్నం. ఇది చూస్తూ నువ్వు ఆ కుర్రాడి గిటారు గురించి మాట్లాడుతున్నావు.

మేనకోడలు: మాట్లాడతాను. ఎందుకంటే ఒంగోలు చరిత్ర నాకు చెప్పింది మీరే. ఎర్రగుంట్ల పేరయ్య కథ ఎన్నిసార్లు చెప్పారు! తోళ్ళ వ్యాపారం చేసుకునే మాదిగ. 1866లో బాప్తిస్మం తీసుకున్నాడు. తర్వాత పల్లె పల్లె వచ్చి చేరుతుంటే వాళ్ళకి మిషనరీ క్లౌ దొర పెట్టిన కట్టడలు మూడే: ఆదివారం పనిచేయొద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు, విగ్రహాలకి మొక్కొద్దు. ఆ మూడింట్లో ఏ ఒక్కటీ మనసులో పెట్టుకుని రహస్యంగా పాటించేది కాదు. ఆదివారం వెట్టికి రాకపోతే కరణానికి తెలుస్తుంది. జాతరకి డప్పు కొట్టనంటే ఊరంతా తెలుస్తుంది. అంగట్లో సరుకివ్వలేదు, కొట్టారు, అయినా వెనక్కి తగ్గలేదు. వాళ్ళకి కోటా లేదు, కోర్టు లేదు, చదువు లేదు. అలాంటివాళ్ళ మునిమనవలం మనం. అన్నీ ఉన్నాక భయపడుతున్నాం.

మామయ్య: ఆ కథలో సగమే చెప్పావు. మిగతా సగం నేను చెప్తాను. 1876 నుంచి 78 దాకా కరువు. జనం దారుల్లో పడి చచ్చిపోతున్నారు. క్లౌ దొర ఏం చేశాడు? బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడు మైళ్ళకు పైగా తానే కంట్రాక్టు తీసుకున్నాడు. పల్లెల నుంచి వేలమందిని రప్పించి పని ఇచ్చాడు, కూలి ఇచ్చాడు. బోధకులే మేస్త్రీలు. ఆ జనం బాప్తిస్మం ఇవ్వమంటే నెలల తరబడి ఇవ్వనన్నాడు. ఆకలితో ఉన్నవాడి విశ్వాసాన్ని తూకం వేయకూడదని ఆయనకి తెలుసు. ముందు కడుపు, ఆ తర్వాతే ఒప్పుకోలు. నువ్వు తిరగేసి చెప్తున్నావు. ముందు నిజం చెప్పు, అన్నం సంగతి తర్వాత చూద్దాం అంటున్నావు.

మేనకోడలు: మరి ఆ తర్వాత? సాయం అయిపోయిందనీ, ఇంక ఇవ్వడానికి ఏమీ లేదనీ చెప్పాక కూడా జనం వచ్చారు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది. ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరుగా వంతులు మారుతూ సాయంత్రం దాకా నీళ్ళలోనే ఉన్నారు. ఏమీ రాదని తెలిసి దిగినవాళ్ళు వాళ్ళు. క్లౌ దొర ఎదురుచూసింది ఆ రోజు కోసమే కదా.

ఇక్కడ నా మాట ఒకటి చెప్పాలి. ఈ చరిత్రను ఇద్దరూ సరిగ్గానే చదివారు. అయితే మామయ్య పట్టుకున్న సగాన్ని మన వేదికల మీద ఎవరూ చెప్పరు. 2,222 అనే అంకె ఒంగోలు వైపు చిన్నపిల్లలకి కూడా నోటికొస్తుంది. దాని వెనకున్న కాలువ తవ్వకం, ఆగి ఎదురుచూసిన నెలలు ఎవరికీ గుర్తులేవు. తన మనుషుల ఆకలికి ఏ ఏర్పాటూ చేయని సంఘం, నిజాయితీ అని వాళ్ళని నిలదీస్తే ఆ మాటకి బలం రాదు. బీసీ-సి తీసుకుని నష్టపోయిన కుటుంబం ఒకటి ఉందనుకోండి. ఆ పిల్లల ఫీజు సంగతి అడిగిన సంఘం నాకు ఇంతవరకూ కనపడలేదు. గోపురానికి, మైకులకి, వార్షికోత్సవ పందిళ్ళకి లక్షలు పోగవుతున్నాయి.

దోర్నకల్ సంగతి కూడా ఇక్కడే గుర్తుచేసుకోవాలి. 1912లో అక్కడ బిషప్ అయిన అజరయ్య మాల మాదిగ పల్లెల్లోనే ఎక్కువ పనిచేశారు. 1930ల్లో ఆ ప్రాంతంలో శూద్ర కులాలవాళ్ళు వేలల్లో సంఘంలో చేరారు. పక్క పల్లెలో మాల మాదిగలు తాగుడు మాని, పిల్లల్ని బడికి పంపి, శుభ్రంగా బతకడం కళ్ళారా చూశామని వాళ్ళలో చాలామంది చెప్పుకున్నారు. ఎవరి బతుకుని చూసి ఎవరు వచ్చారో గమనించండి. ఇప్పుడు పక్క వీధివాడు మనలో ఏం చూస్తున్నాడు? మేనకోడలు తర్వాత ఎత్తుకున్నది అదే.

మామయ్య: నిజం చెప్పొద్దనడం లేదమ్మా. మొదలుపెట్టే చోటు తప్పంటున్నాను. అందరికంటే కిందున్నవాడి కాగితం దగ్గర మొదలుపెట్టావు నువ్వు.

మేనకోడలు: మీరు చెప్పండి, ఎక్కడ మొదలుపెట్టాలి?

మామయ్య: పైనున్నవాళ్ళ దగ్గర.

మేనకోడలు: అంటే పెద్దల దగ్గర. సరే. మొన్న జరిగిన ప్రధానానికి వెళ్ళాం కదా, అక్కడ మొదలుపెడదాం. అబ్బాయి సాఫ్ట్‌వేరు. అమ్మాయి నర్సింగు చదివింది. పాట పాడారు. పాస్టరుగారు వాక్యం చదివి ప్రార్థన చేశారు, కాఫీ తాగారు, ఫోను వచ్చినట్టు వరండాలోకి వెళ్ళారు. లోపల తలుపు దగ్గరకేశారు. అబ్బాయి మేనమామ జేబులోంచి నోటు పుస్తకం కాగితం తీశాడు. పదిహేను లక్షలు, ఇరవై సవర్లు, ఆడపడుచులకి విడిగా. అమ్మాయి నాన్న ‘పన్నెండు చేయండి’ అని రెండుసార్లు అన్నాడు. మూడోసారి అనలేదు. లెక్క తేలాక పాస్టరుగార్ని లోపలికి పిలిచారు, ముగింపు ప్రార్థనకి. ‘ఈ సంబంధం దేవుడు జతపరచినది’ అన్నారు ఆయన. మీరు ఆమేన్ అన్నారు. నేను వంటింటి గుమ్మం దగ్గర నిలబడి చూశాను.

మామయ్య: అది లోకాచారం. అమ్మాయి తండ్రే ఇస్తానన్నాడు.

మేనకోడలు: పన్నెండు చేయమన్నది ఎవరు మరి? మామయ్యా, కాగితం విషయంలో చట్టం మన మెడ మీద కత్తి పెట్టిందన్నారు. ఒప్పుకున్నాను. ఇక్కడ కత్తెవరు పెట్టారు? కట్నం తీసుకోవడం నేరమని 1961 నుంచి చట్టం ఉంది. చట్టం మనవైపే ఉంది, వాక్యం మనవైపే ఉంది. కట్నం వద్దంటే మన ఉద్యోగం పోదు, మనల్ని ఎవరూ కొట్టరు. ఏ బలవంతమూ లేనిచోట కూడా మనం అందరిలాగానే ఉన్నామే, దానికేమంటారు?

మామయ్య: ఏమంటాను... అనడానికేం లేదు.

మేనకోడలు: ఇంకోటి కూడా అంటాను, కోప్పడొద్దు. మీ చిన్నబ్బాయి గుంటూరు లూథరన్ అమ్మాయిని చేసుకుంటానంటే ఆరు నెలలు వాడితో మాట్లాడలేదు మీరు. అమ్మాయికి ఏం తక్కువ? మందిరంలో పాటలు పాడుతుంది, మంచి కుటుంబం. మాల అని. అంతే కదా?

మామయ్య: అది వేరు.

మేనకోడలు: ఎలా వేరు? గలతీ పత్రిక మీద మొన్న మీరే చెప్పారు కదా సందేశం. అంతియొకయలో పేతురు అన్యజనులతో కలిసి భోంచేస్తూ ఉండేవాడు. యెరూషలేము నుంచి కొందరు వచ్చేసరికి పక్కకి తప్పుకున్నాడు. పౌలు చాటుగా బుద్ధి చెప్పలేదు, అందరి ముందే ముఖాముఖి నిలదీశాడు. పేతురు సిద్ధాంతంలో తప్పు లేదు. ఎవరి పక్కన కూర్చుని తిన్నాడన్నదే తప్పయింది. ఆ సందేశం వింటూ మీ కోడలు రెండో వరసలో కూర్చునుంది.

మామయ్య: నీకు అర్థం కానిది ఒకటుంది. మాల మాదిగల మధ్య తరాల నాటి గాయాలున్నాయి. లూథరన్ అంటే వాళ్ళది, బాప్టిస్టు అంటే మనదని మిషన్లే పంచేసుకున్నట్టయింది. నా భయం అమ్మాయి గురించి కాదు. రేపు మనవాళ్ళు ఏమంటారో, వాళ్ళవాళ్ళు మనల్ని ఏ పీట మీద కూర్చోబెడతారో అని. అయినా అడిగితే మమ్మల్నే అడుగుతావేం? పెళ్ళి సంబంధాల ప్రకటనల్లో రెడ్డి క్రైస్తవులం, కమ్మ క్రైస్తవులం అని రాసుకునేవాళ్ళని అడుగు. కతోలిక సంఘం మన దేశంలో ఉన్నది ఎన్ని వందల ఏళ్ళ నుంచి? దళితుల్లోంచి ఒక కార్డినల్ రావడానికి, పూల ఆంథోనీ గారి కోసం, 2022 దాకా ఆగాల్సొచ్చింది. కులం వదిలించుకోవాల్సినవాళ్ళు ఎవరు? దానివల్ల లాభపడ్డవాళ్ళా, దెబ్బతిన్నవాళ్ళా?

మేనకోడలు: ముందు లాభపడ్డవాళ్ళే. ఆ మాట గట్టిగా అంటాను, వాళ్ళ మందిరాల్లో నిలబడే అవకాశమొస్తే అక్కడా అంటాను. కానీ ఇంట గెలవకుండా ఏ ముఖం పెట్టుకుని అననూ? ఢిల్లీకి వెళ్ళి, క్రైస్తవంలోకి వచ్చినా మమ్మల్ని కులం వదల్లేదు, ఎస్సీ హోదా ఇవ్వండి అని అడుగుతున్నాం. న్యాయమైన కోరిక. ఆ కులాన్ని మనమే మన పెళ్ళిళ్ళలో నెత్తిన పెట్టుకుంటే అడిగే నోరుంటుందా?

మామయ్య: సరే. వచ్చే కమిటీలో పెడతాను. పెళ్ళి ప్రకటన మూడు ఆదివారాలు చదువుతాం కదా, చదివేముందు రెండు కుటుంబాల నుంచీ కట్నం లేదని రాతపూర్వకంగా తీసుకోవాలని. ఓడిపోతుంది, ముందే చెప్తున్నా. పదకొండుగురిలో నాతో కలిసొచ్చేది ఇద్దరు.

మేనకోడలు: ఓడిపోనీండి. మినిట్స్ పుస్తకంలోకి ఎక్కుతుంది.

మామయ్య: అయితే నువ్వూ ఒకటి చేయాలి. ఆ గిటారు కుర్రాణ్ణి మందిరంలో చిన్నబుచ్చకు. వాళ్ళమ్మ పొగాకు గ్రేడింగుకి వెళ్తుంది. వాడొక్కడే ఆ ఇంటికి.

మేనకోడలు: చిన్నబుచ్చను. వాడి ఫైలు ఆపలేదు, ఆపను కూడా. కానీ నా కూతురికి మాత్రం బీసీ-సియే.

మామయ్య: పిల్లని అడిగావా?

మేనకోడలు: దానికేం తెలుసు...

మామయ్య: పద్దెనిమిదేళ్ళు వస్తున్నాయి. బాప్తిస్మం తీసుకుందా?

మేనకోడలు: ఇంకా లేదు.

మామయ్య: మనం బాప్టిస్టులమమ్మా. చంటిపిల్లకి బాప్తిస్మం ఇవ్వం. ఎరిగి, తన నోటితో తాను ఒప్పుకున్నాకే నీళ్ళలోకి దించుతాం. ఆ ఒక్క విషయం కోసం మన పెద్దలు మిగతా సంఘాలతో ఎంత వాదించారు! అలాంటిది దాని ఒప్పుకోలు కాగితం మీద నువ్వు రాసేస్తున్నావు. మీ నాన్న నిన్ను అడగలేదు. ఆ కోపం నీకు ఇప్పటికీ ఉంది, నేను చూశాను. ఇప్పుడు నువ్వు దాన్ని అడగట్లేదు.

మేనకోడలు: అడిగితే అది హిందూ అని రాయమంటే?

మామయ్య: అప్పుడు దాంతో కూర్చుని మాట్లాడు, నాతో మాట్లాడినట్టే. నేనేం అన్నానో అది కూడా చెప్పు, దాచకుండా. తర్వాత అది ఏం రాస్తే అది.

మేనకోడలు: రేపు అడుగుతాను. దరఖాస్తు ఇంకా వీఆర్వో దగ్గరే ఉంది.

వాళ్ళ మాటలు అంతవరకే. ఇక నా తీర్పు. కూలి చేసుకునే ఇంటి పిల్లవాడు హిందూ అని రాసిన కాగితాన్ని వేదిక మీంచి ఎత్తిపొడిచే హక్కు ఎవరికీ లేదు. ఆ నింద ముందు మోయాల్సింది 1950 ఉత్తర్వు, దాన్ని మార్చని ప్రభుత్వాలు. కానీ పాస్టరు, సంఘ పెద్ద, ట్రెజరర్ సంగతి వేరు. ప్రభువు పేరున ఇతరులకి బుద్ధి చెప్పే కుర్చీ వాళ్ళే కోరి తీసుకున్నారు. ఆ కుర్చీలో ఉన్నన్నాళ్ళు వాళ్ళకి రెండు రిజిస్టర్లు ఉండకూడదు. కాగితం వదులుకోలేకపోతే కుర్చీ వదులుకోవాలి. అందులో అవమానం ఏమీ లేదు. వెనక వరసలో కూర్చున్నా వాళ్ళు విశ్వాసులే. ఇక కట్నానికీ, పెళ్ళిలో కులానికీ పేదకీ గొప్పకీ ఎవరికీ మినహాయింపు లేదు. మనల్ని అక్కడ బలవంతపెట్టినవాళ్ళు లేరు.

పాస్టరుగారూ, వచ్చే ఆదివారం మీ చేతికి పెళ్ళి ప్రకటన కాగితం వస్తుంది. చదివేముందు ఆ రెండు కుటుంబాలనీ ఎదురుగా కూర్చోబెట్టి, కట్నం ఎంత మాట్లాడుకున్నారో అడగండి. ఏమీ లేదని వాళ్ళు సంతకం పెట్టేదాకా ఆ ప్రకటన చదవకండి.